గోచరమా, పోరంబోకా?

పత్రిక ఇంటికి రాగానే ముందుగా సీరియల్ తిరగేసేవారు ఒక జట్టు, వారఫలాలు తిరగేసేవారు మరొక జట్టు. మా ఇంట్లో రెండు జట్లూ ఉన్నాయి. రెండో జట్టువారిని ‘గోచారం’ అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు: గ్రహాలు ఒక రాశిలోనుంచి మరొక రాశిలోకి నడవడం. గురువు ఫలానా చోట ఉన్నాడు, శని ఫలానా చోట ఉన్నాడు, కనుక ఈ వారం ప్రయాణాలు మానుకోవడం మంచిది, అనే ధోరణి. ఆ ఫలితాల మంచిచెడ్డలు నాకు తెలియవుగాని, ఆ మాట మంచిచెడ్డలు కొంచెం తెలుసు. అందులో ఒక ఆవు ఉంది. జ్యోతిష్కులలో కొందరు ఇక్కడ ‘గో’ అంటే ఆవు కాదు, నక్షత్రమనీ, కిరణమనీ వ్యాఖ్యానం చెబుతారు. చెప్పనీయండి. మాట పుట్టింది మాత్రం పశువుల వెంట.

దీనికి తోబుట్టువు ‘గోచరం’. సంస్కృతంలో ‘చర్’ అనే ధాతువుకు తిరగడమూ అర్థమే, మేయడమూ అర్థమే. పశువు విషయంలో ఆ రెండూ ఒకే పని కదా! ఆవులు ఎక్కడ తిరుగుతూ మేస్తాయో అది గోచరం. పాణిని ఈ మాటను ప్రత్యేకంగా ఒక సూత్రంలో పేరు పెట్టి చేర్చాడు. తరవాత తరవాత ఆవు మేయగలిగినంత మేర అన్న అర్థం పోయి, ఏదైనా సరే అందుకోగలిగినంత మేర అనే అర్థం వచ్చింది. కఠోపనిషత్తు నాటికే ఇంద్రియాలను గుర్రాలతో పోల్చి, విషయాలను ఆ గుర్రాలకు గోచరాలన్నారు. అంటే అప్పటికే ఆవుల బీట్లోకి గుర్రాలు వచ్చేశాయన్నమాట. అక్కణ్ణుంచి కంటికి అందినది ‘దృగ్గోచరం’, దేనికీ అందనిది ‘అగోచరం’. ఇక మన నవలల్లో నాయిక ముఖంలో విషాదం గోచరించని వారం ఉంటుందా? నాయకుడి చూపులు అక్కడ మేస్తున్నాయని రాసినవారికీ తెలియదు, చదివేవారికీ తెలియదు.

ఇంగ్లీషు మాట ‘రేంజి’ కూడా సరిగ్గా ఈ దారినే నడిచింది. తుపాకి రేంజి అంటే అది అందుకోగలిగిన దూరం. పశువుల రేంజి అంటే అవి తిరిగే మేత నేల. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి రాసుకోలేదు. పశువు వెంట నడిచిన మనిషికి దూరం మొదట పశువు నడకగానే తెలిసి ఉంటుంది.

పనిలో పని, ఆవు దాగి ఉన్న మరికొన్ని మాటలు కూడా చూడండి. గోష్ఠమంటే ఆవులమంద నిలిచే చోటు. అక్కడ చేరి మాట్లాడుకొనేవారి కూటమి గోష్ఠి. అందుకని సాహిత్యగోష్ఠికి వెళ్లేటప్పుడు నేను కొంచెం వినయంగానే వెళతాను. గవేషణ అంటే ఆవుకోసం వెతకడం. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో డిగ్రీలకోసం వెతకడం. గవాక్షం ఎద్దుకన్ను. గవ్యూతి అంటే వేదకాలంలో మేత నేల. అమరకోశం నాటికి అది రెండు క్రోసుల దూరం. గోత్రమంటే కూడా వేదంలో ఆవుల దొడ్డే. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మనం అడిగేది, ఒక లెక్కన, మీ ఆవులు ఏ దొడ్లో కట్టేవారని! భాషలో ఆవులు ఇంత పదిలంగా ఉన్నాయి. ఆవు మేసే నేల సంగతే వేరుగా ఉంది.

ఈ మాటల వెంట పడడానికి నాకు ఒక కారణం కలిగింది. నేను మదనపల్లెలో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. నా తరగతిలో పుంగనూరు పక్క పల్లెనుంచి బస్సులో వచ్చే కుర్రవాడు ఒకడున్నాడు. ఒకనాడు సాయంకాలం వాళ్ల తాతను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పెద్దాయన అరుగుమీదే కూర్చుంటానన్నాడు; బలవంతంమీద కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో మడతలు పడిన కాగితాలు. సంగతేమిటంటే, వాళ్ల ఊరికి పడమరగా ఒక మిట్ట ఉంది. ఊళ్లో గొడ్లూ మేకలూ తాతల నాటినుంచీ అక్కడే మేస్తాయి. పాత గ్రామలెక్కలో దాని పేరు ‘మేత పోరంబోకు’. ఇప్పటి కంప్యూటరు అడంగల్లో అది ‘బంజరు’ అయింది. ఎప్పుడు అయిందో, ఎవరు చేశారో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఈమధ్య ఎవరో వచ్చి కొలతలు వేసుకొని పోయినారు. అర్జీ పెట్టుకోవాలి. మనవడి పంతులు తెలుగులో ఎమ్మే చదివినవాడు గనుక మంచి మాటలతో రాసి ఇస్తాడని వచ్చారు.

నేను కాగితం తీసుకొని, “మా గ్రామమునకు పడమట నున్న బీడు భూమి” అని మొదలుపెట్టాను. పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“బీడని రాయొద్దు సామీ. బీడంటే ఖాళీగా ఉండాదంటారు. ఆడ ఖాళీ యాడుండాది? పొద్దన్నే వచ్చి చూడండి, మీకే తెలుస్తాది.”

చదువుకున్న చదువులో ఎక్కడా నాకు ఈ వ్యాఖ్యానం తగలలేదు. పెద్దాయన చెప్పింది నిజం. ఊళ్లో మనిషి ‘గొడ్లు బీట్లో ఉండాయి’ అంటే అది ఒక స్థలం, ఒక పని, ఒక పూట. అదే మాట కచేరీ గుమ్మం దాటితే ‘సాగులో లేనిది’ అవుతుంది. బంజరు అసలు మన మాటే కాదు, ఉత్తరాదినుంచి రెవెన్యూ లెక్కల వెంట వచ్చింది. పంట పండనిదని అర్థం. లెక్కరాసేవారి చూపులో నేల రెండే రకాలు: శిస్తు వచ్చేది, రానిది. గడ్డికి శిస్తు లేదు. కనుక గడ్డి పెరిగే నేల ఉత్త నేల.

సరే, బీడు వద్దు. మరి ఏమని రాయాలి? శాద్వలమనే మాట ఉంది. అమరకోశంలో భూమివర్గంలో కనిపిస్తుంది. పచ్చగడ్డితో నిండిన నేల అని అర్థం. ప్రబంధాల్లో చల్లగా ఉంటుందిగాని, ఎండాకాలం మా పుంగనూరు మిట్టలను చూసి శాద్వలమంటే మిట్టకే నవ్వు వస్తుంది. ‘పచ్చికబయలు’ అందమైన తెలుగు మాటే. కాని దాన్ని మన భూగోళ పుస్తకాలవారు విదేశాలకు ఎగుమతి చేశారు. ప్రెయిరీలు, పంపాలు, స్టెప్పీలు పచ్చికబయళ్లని మన పిల్లలు కంఠతా పట్టి మార్కులు తెచ్చుకుంటారు. ఊరి వెనక మిట్టకు ఆ పేరు వర్తిస్తుందని ఒక్కరికీ తోచదు.

ఇక నాకు ఇష్టమైన గోచరం. “మా గోచర భూమిని కాపాడవలెను” అని రాస్తే చదివే అధికారి, కంటికి కనిపించే భూమి అంతా అడుగుతున్నారని అనుకోవచ్చు. ఇదే మాట గుజరాతులో చెల్లుతుంది. అక్కడ ‘గౌచర్’ అంటే పసిపిల్లవాడికి కూడా ఊరి మేత నేలే. పంచాయతీ తగాదాల్లో, వార్తాపత్రికల్లో రోజూ నలిగే మాట. రాజస్థానంలోనూ అంతే. మాట ఒకటే, వాళ్ల దగ్గర నేలమీద నిలిచింది, మన దగ్గర కంటికెక్కి కూర్చుంది.

ధర్మశాస్త్రాల మాట ఇంకొకటి ఉంది: గోప్రచారం. యాజ్ఞవల్క్యుడు వాడాడు. ఊరివారి ఇష్టాన్నిబట్టీ, భూమి ఉన్నదాన్నిబట్టీ, రాజాజ్ఞనుబట్టీ గోప్రచారానికి నేల విడవాలని ఆయన నియమం. ఊరికీ పొలాలకూ నడుమ నూరు ధనుస్సుల మేర, పెద్ద ఊరయితే రెండు నూర్లు, నగరమయితే నాలుగు నూర్లు. మనువు కూడా ఊరిచుట్టూ నూరు ధనుస్సులు విడవమన్నాడు. ధనుస్సంటే నాలుగు మూరలు, సుమారు ఆరడుగులు. అంటే ఊరిచుట్టూ ఆరువందల అడుగుల పట్టీ. అందులో ఎవరైనా కంచె లేకుండా పైరు పెట్టుకొని, దాన్ని పశువులు మేస్తే పశులకాపరిని శిక్షించరాదని కూడా మనువే అన్నాడు. కౌటిల్యుడయితే సేద్యానికి పనికిరాని నేలను పశువులకు ‘వివీతం’గా ఇవ్వమని చెప్పి, దానిమీద వివీతాధ్యక్షుడని ఒక ఉద్యోగిని కూడా వేశాడు. ఈ గ్రంథాల్లో ఒప్పుకోలేని సంగతులు చాలా ఉన్నాయి. అది వేరే తగవు. కాని మేత నేలను మిగులుగా కాక, ముందే కొలిచి పక్కన పెట్టవలసిన నేలగా చూశారన్నది మాత్రం స్పష్టం.

దీని పక్కన 1871 నాటి పశువుల దూకుడు చట్టాన్ని పెట్టి చూడండి. పైరులో పడ్డ పశువును పట్టి కట్టేయడం, జుల్మానా కడితే విడవడం. మన పల్లెల్లో బందెలదొడ్డి అనే మాట ఆ నాటి వ్యవహారమే. మనువు కంచె వేసుకొనే బాధ్యత పైరువాడిమీద పెడితే, ఈ చట్టం పశువును కాసుకొనే బాధ్యత పశువులవాడిమీద పెట్టింది. నడుమ జరిగిందేమిటంటే, ఊరిచుట్టూ ఉండే పట్టీ చిక్కిపోయింది.

ఇంతకూ అర్జీలో గోప్రచారమని రాస్తే? మా పిల్లలు పకపక నవ్వుతారు. ప్రచారమంటే ఇప్పుడు మైకు, జీపు, కరపత్రాలు. ఆవులు ఎవరికి ఓటు వెయ్యమంటున్నాయి సార్, అని అడుగుతారు.

మిగిలింది పెద్దాయన తెచ్చిన మాటే: మేత పోరంబోకు. పోరంబోకు తమిళంనుంచి వచ్చింది. పుఱం అంటే వెలుపల. శిస్తుకు వెలుపల పోయిన నేల. రెవెన్యూవారి లెక్కలో ఇది తిట్టు కాదు, హోదా. చెరువు పోరంబోకు, బాట పోరంబోకు, వాగు పోరంబోకు, మందబయలు, శ్మశానం, ఇవన్నీ ఎవరికీ పట్టా కాకూడదని, ఊరందరికీ ఉండాలని పక్కన పెట్టినవి. ఊరందరిదీ అయినది ఎవరిదీ కాదనే భావం ఎలా కలిగిందోగాని కలిగింది. పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణి పోరంబోకు వెధవ అనడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. తమిళులూ అలాగే తిడతారు. 2017లో గాయకుడు టి. ఎం. కృష్ణ మద్రాసు దగ్గర ఎన్నూరు ఏటి ఒడ్డున నిలబడి పోరంబోకు మీద ఒక పాట పాడాడు. తిట్టుగా మారిన మాటను మళ్లీ గౌరవంగా వాడించాలని ఆ పాట ఉద్దేశం. కర్ణాటక సంగీత కచేరీల్లో శ్రోతలకు అలవాటయిన గొంతులో ఆ మాట వినడం చాలామందికి చిత్రంగా తోచింది. నాకు మాత్రం, ఒక మాటకు జరిగిన అన్యాయం నేలకు జరిగిన అన్యాయానికి ముందు నడుస్తుందేమో అనిపించింది.

ఎందుకంటే ఇది ఉత్త భాషాశాస్త్రం కాదు. మేత పోరంబోకుగా ఉన్న నేలను ఎవరికైనా పట్టా ఇవ్వాలంటే ముందు ఆ పేరు తీసెయ్యాలి. దాన్ని శిస్తుకు తగిన బంజరుగా, ఆఫీసు మాటలో ‘అసెస్డ్ వేస్టు’గా మార్చాలి. ఆ తరవాతే డి.కె.టి. పట్టా అయినా, మరొకటైనా. పేరు మారిన రోజున మిట్టమీద గడ్డిపోచ కూడా కదలదు. మేసే ఆవు తలెత్తి చూడదు. కాని ఆ రోజునే నేల పోయినట్టు లెక్క.

మా ప్రాంతంలో ఈ పేర్ల చరిత్ర కూడా ఒక తీరుగా లేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ చాలాకాలం ఒకే చిత్తూరు జిల్లాలో ఉన్నాయిగాని, 1911 ఏప్రిల్ 1న ఆ జిల్లా ఏర్పడినప్పుడు మూడూ మూడు ఇళ్లనుంచి వచ్చిన కోడళ్లలాంటివి. మదనపల్లె కడపజిల్లానుంచి వచ్చింది. 1800లో దత్తమండలాలతో కుంపిణీవారి చేతికి చిక్కి, మన్రో దొర నాటినుంచి రైతువారీ లెక్కలు ఎరిగిన సీమ. పుంగనూరు జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలోది. ఈ రెండూ ఉత్తర ఆర్కాటు వైపువి. జమీ గ్రామాల్లో 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం తరవాతగాని సర్కారు సర్వేలు రాలేదు. అంతవరకూ మిట్ట మిట్టే, మంద మందే. ఆ తరవాత సర్వేవారు వచ్చి ఒక్కొక్క ముక్కకు ఒక నంబరూ ఒక పేరూ ఇచ్చారు. మా పెద్దాయన సంచిలోని కాగితం ఆ కాలపు లెక్కకు నకలు.

పుంగనూరంటే ఇప్పుడు దేశంలో అందరికీ ముందు గుర్తొచ్చేది ఆవు. సుమారు మూడడుగుల ఎత్తు, తెల్లగానో బూడిదవన్నెగానో ఎర్రగానో చిన్న శరీరం, కురచ కాళ్లు, చిక్కటి పాలు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఢిల్లీలో తన ఇంటి ఆవరణలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన బొమ్మలు పత్రికలన్నిటిలో వచ్చాయి. అప్పటినుంచి దానికి గిరాకీ పెరిగిపోయింది. పట్టణాల్లో మేడలమీద, హాల్లో సోఫా పక్కన, మెడలో గజ్జెలతో ఈ ఆవులు ఫోనుల్లో కనిపిస్తుంటాయి. పలమనేరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఈ జాతి మందను కాపాడుతున్నది. 2020లో ‘మిషన్ పుంగనూరు’ అని పథకం కూడా మొదలయింది. సంతోషమే.

కాని ఆ ఆవు పొట్టిగా ఎందుకుంది? అది వరండాలో పుట్టిన జాతి కాదు. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ; ఈ సీమలో మిట్టలమీద దొరికే కొంచెం గరిక, కొంచెం బోద కొరుక్కుంటూ రోజంతా తిరగగలిగిన ఆవు. ఎండుమేతతో కాలం గడపగలదు, కరువుకు తట్టుకోగలదు. ఒక్కమాటలో, ఆ మిట్ట దిద్దిన ఆవు. ఇప్పుడు ఆవును ఒళ్లో పెట్టుకొని ముద్దుచేస్తున్నాం, మిట్టను బంజరు పద్దులో రాస్తున్నాం. మిగిలిన మిట్టల్లోనూ వయ్యారిభామ, సర్కారుతుమ్మ కమ్ముకుంటున్నాయి. వయ్యారిభామను పశువు నోట పెట్టదు.

ఇక్కడ రెండోవైపు సంగతీ చెప్పాలి. పెద్దాయన ఊళ్లోనే సెంటు భూమి లేని కుటుంబాలు ఉన్నాయి. ఆ మిట్టలో తమకు పట్టా ఇవ్వమని వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఎప్పుడో దరఖాస్తు పెట్టుకున్నారట. భూమి లేనివాడు భూమి అడగడం తప్పని నేననను. ప్రభుత్వం అలా ఇచ్చిన భూములను ఇతరులు కొనకుండా 1977లో చట్టం చేయవలసి వచ్చిందంటేనే, పేదవాడికి దక్కిన నేల పేదవాడి చేతిలో నిలవడం ఎంత కష్టమో తెలుస్తుంది. ఈ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన కోపగించుకోలేదు.

“వాళ్లవీ మేకలే కద సామీ ఆడ మేసేది. భూమి ఉండేవాడు తన చేన్లో కట్టేసుకుంటాడు. లేనోడు యాడికి తోలుకుపోతాడు?”

మిట్టను నలుగురికి పంచితే నలుగురికి దక్కుతుంది. మిగతా ఇళ్ల మేకలు అమ్ముడుపోతాయి. ఈ లెక్క అడంగల్లో ఏ గడిలోనూ పట్టదు. అందువల్ల ఏది న్యాయమో ఊరు కూర్చుని తేల్చుకోవలసిందేగాని, ఒక గడిలో ఒక మాట మార్చి తేల్చరాదని నా అభిప్రాయం.

ఆ మధ్య ఒక గోష్ఠికి కుప్పం వెళ్లాను. అక్కడి ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో పుట్టింది. దక్షిణాది భాషలకోసం పెట్టినది, మూడు రాష్ట్రాలు కలిసే మూల. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కన్నడం మాస్టారు ఒకరు, తమిళం మాస్టారు ఒకరు తోడయ్యారు. నా బుర్రలో అర్జీ తిరుగుతున్నది గనుక, ఊరి మేత నేలను మీరేమంటారని ఇద్దరినీ అడిగాను. కన్నడిగుడు వెంటనే ‘గోమాళ’ అన్నాడు. వాళ్ల రాష్ట్రంలో భూమిశిస్తు నిబంధనల్లోనే నూరు పశువులకు 12 హెక్టార్లు, అంటే సుమారు 30 ఎకరాలు, ఉచిత మేతకు విడవాలని ఉంది. యాజ్ఞవల్క్యుడు ఊరిని కొలిస్తే వీళ్లు పశువులను లెక్కపెట్టారు. నిబంధన ఉన్నంతమాత్రాన గోమాళలన్నీ పదిలంగా ఉన్నాయనుకోకండి, బెంగుళూరు చుట్టుపక్కల వాటిమీద ఏం లేచిందో చూడండి, అని ఆయనే నవ్వాడు. తమిళుడు ‘మేయ్‌చ్చల్ పుఱంబోక్కు’ అన్నాడు. ఆ తరవాత ఒక్క క్షణం ఆలోచించి ‘మందైవెళి’ అన్నాడు. మద్రాసులో మైలాపూరు పక్కన మందవెళి ఎరుగనివారెవరు? మంద నిలిచే వెళి, మన మందబయలుకు అచ్చంగా తోబుట్టువు. ఇప్పుడక్కడ బస్సులు నిలుస్తాయి.

ఇలాంటి పేర్లన్నీ ఒకసారి సుప్రీంకోర్టు ఒకచోట చేర్చవలసివచ్చింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో, పంజాబులో ఒక ఊరి చెరువు నేల ఆక్రమణ గురించి తీర్పు చెబుతూ, దేశంలో ఊరుమ్మడి భూములను ఎక్కడెక్కడ ఏమేమంటారో న్యాయమూర్తులు వరసగా చెప్పారు. ఉత్తరాది పేర్లతోపాటు దక్షిణాదినుంచి మందవెళి, పోరంబోకు కూడా ఆ వరసలో ఉన్నాయి. ఆక్రమణలు తొలగించి ఆ భూములను ఊరికి అప్పగించే పథకాలు వేయమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించారు. ఈ తీర్పు సంగతి నేను మా పెద్దాయనకు చెప్పినప్పుడు ఆయనకు నచ్చినది ఆదేశం కాదు, ఢిల్లీలో పోరంబోకు అనే మాట పలికారనడం.

మన తెలంగాణ సోదరులకు మళ్లీ వేరే మాటలున్నాయి. నిజాం కాలపు లెక్కల్లో బంచరాయి అంటే పశువుల మేతకు విడిచిన నేల. గడ్డి పెరగడానికి కంచె కట్టి విడిచింది కంచ. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో హైదరాబాదు విశ్వవిద్యాలయం దగ్గర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గురించి విద్యార్థులు ఆందోళన చేయడం, చెట్లు కొట్టడం ఆపమని ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆజ్ఞ ఇవ్వడం మీరంతా చదివే ఉంటారు. అప్పుడు అది అడవా, ప్రభుత్వ భూమా అని వాదాలు హోరెత్తాయి. ఊరి పేరుకు ముందున్న ‘కంచ’ను పట్టించుకున్నవారు తక్కువ.

దేశం మొత్తంమీద లెక్కల్లో ‘శాశ్వత పచ్చికబయళ్లు, ఇతర మేత భూములు’ అనే పద్దు ఒకటుంది. కోటి హెక్టార్లకు కాస్త అటూ ఇటూ, మొత్తం నేలలో మూడు శాతం పైచిలుకు. ఆ పద్దులో శాశ్వతమనే మాట ఎవరు పెట్టారోగాని ధైర్యవంతుడు. ప్రపంచంలో మాత్రం ఈ నేలలు గుర్తుకొచ్చాయి. 2026ను రేంజి భూములకూ, పశుపాలకులకూ అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి 2022లోనే ప్రకటించింది. దీన్ని తెలుగు చేయడానికి మనవాళ్లు ఏదో ఒక కొత్త సమాసం కట్టే ఉంటారు. గోచరమని రాస్తే అక్షరానికి అక్షరం సరిపోతుంది.

అమరకోశంలో ఇంకొక మాట కనిపించింది. గోష్ఠం పక్కనే ‘గౌష్ఠీనం’. పూర్వం ఆవులమంద నిలిచి, ఇప్పుడు నిలవని చోటు అని అర్థం. పాణిని దీనికోసం వేరే సూత్రమే చేశాడు. మంద లేచిపోయిన చోటికి కూడా ఒక పేరు అవసరమని రెండువేల ఏళ్ల క్రితం తోచిందంటే, అప్పుడూ మందలు లేచిపోయేవన్నమాట. కాని గౌష్ఠీనానికి మరో గోష్ఠం దొరికేది. మంద మరోచోట దిగేది. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడు పుంగనూరు కుర్రవాడు పుస్తకంలో రాసుకోలేదు. కిటికీలోనుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అర్జీ రాసి ఇచ్చాను. విషయమనే చోట ‘మేత పోరంబోకు’ అనే రాశాను. పాత లెక్కలో ఏ అక్షరాలున్నాయో అవే, ఒక్క అక్షరం మార్చకుండా. సర్వే నంబరు, పాత నకలు, కొత్త అడంగల్ నకలు జతచేశాం. పేరు ఏ ఉత్తర్వువల్ల మారిందో తెలుపవలసిందని అడిగాం. పెద్దాయన అంతా చదివించుకొని విన్నాడు. చివర ఒకమాట చేర్చమన్నాడు: ఊళ్లో ఎన్ని ఆవులు, ఎన్ని ఎద్దులు, ఎన్ని గొర్రెలు, ఎన్ని మేకలు, ఏ ఇంటివి ఎన్ని. మనవడు ఆదివారం ఇల్లిల్లూ తిరిగి జాబితా పట్టుకొచ్చాడు. పట్టా అడిగినవారి ఇళ్లలోని మేకలు కూడా అందులో ఉన్నాయి. వాళ్లూ వేలిముద్రలు వేశారు. అర్జీ ముట్టినట్టు రశీదు వచ్చింది. విచారణకు ఊళ్లోకే వస్తామన్నారట. వచ్చేది పొద్దున పూటే రమ్మనండి, గొడ్లు మిట్టమీద ఉంటాయి, అని పెద్దాయన మనవడితో చెప్పి పంపాడు.